సీనియర్ సెంటర్‌కి ఓటు వెయ్యాలా వద్దా అని ఇంట్లో గొడవ, నాన్నేమో వెళ్ళడం మానేశారు

ప్రశ్న: నమస్తే అండీ. మేం మసాచుసెట్స్‌లో, బోస్టన్‌కి పడమర వైపు ఒక టౌన్‌లో ఉంటాం. ఇల్లు కొనుక్కుని తొమ్మిదేళ్ళు, నాకూ మావారికీ సిటిజన్‌షిప్ వచ్చేసింది, పిల్లలిద్దరూ ఇక్కడి పబ్లిక్ స్కూల్లోనే. అమ్మ పోయాక నాన్నని గ్రీన్ కార్డ్ మీద తెచ్చుకున్నాం, మూడేళ్ళవుతోంది, ఆయనకి 71. గుంటూరు జిల్లాలో కరెంటాఫీసులో చేసి రిటైరయ్యారు. వచ్చిన కొత్తల్లో రోజంతా టీవీ, ఫోనూ, నిద్రే. తర్వాత మా టౌన్ సీనియర్ సెంటర్‌కి అలవాటు పడ్డారు, వారానికి మూడు రోజులు వాన్ వచ్చి తీసుకెళ్తుంది, కుర్చీ యోగా, మధ్యాహ్నం భోజనం, పేకాట, ఇద్దరు చైనీస్ తాతలు ఫ్రెండ్స్ కూడా అయ్యారు. ఇప్పుడు ఆ సెంటర్ బాగు చెయ్యడానికి 1.8 కోట్ల డాలర్లు అప్పు తేవాలని ఓటుకి పెడుతున్నారు, మా ఇంటి మీద టాక్స్ ఏడాదికి 200 డాలర్ల దాకా పెరుగుతుందంట. మావారు ససేమిరా నో అంటున్నారు, ఆయన టీమ్‌లో లేఆఫ్‌లు జరుగుతున్నాయి, పైగా స్కూల్లో టీచర్లని తీసేస్తుంటే దీనికి డబ్బులా అంటారు. మా తెలుగు వాట్సాప్ గ్రూప్‌లోనూ ఇదే మాట, తెల్లవాళ్ళ ముసలాళ్ళ క్లబ్‌కి మనమెందుకు కట్టాలి అని. ఒకరోజు భోజనాల దగ్గర ఈ టాపిక్ మీద మేమిద్దరం గట్టిగా అనుకున్నాం, నాన్న అక్కడే ఉన్నారు. మర్నాటి నుంచి మోకాళ్ళ నొప్పులని వెళ్ళడం మానేశారు. నేను ఎటు ఓటెయ్యాలి, మావారితో ఏం చెప్పాలి, నాన్నని మళ్ళీ ఎలా పంపాలి?

జవాబు: మీరు మూడు ప్రశ్నలు అడిగారు కానీ వరస తిప్పేశారండీ, ఓటుకి ఇంకా టైముంది, నాన్నగారి సంగతికి లేదు, అందుకని దాంతోనే మొదలెడతా.

ఆ నొప్పి మోకాళ్ళది కాదని మీకూ తెలుసు. మన వైపు మగపిల్లాడి ఇంట్లో ఉన్న తండ్రికి ఉండే చనువు కూతురింట్లో ఉన్న తండ్రికి ఉండదు, ఎంత మంచి అల్లుడైనా సరే, ఎంత ఆధునికంగా ఉన్న ఇల్లైనా సరే. అల్లుడు గారింట్లో ఉంటున్నాను అన్న ఇబ్బంది లోపల ఒక మూల ఉండనే ఉంటుంది, ఏసీ ఎంతలో పెట్టుకోవాలో అడగరు, ఫ్రిజ్ తీసి తినరు, మందులు అయిపోయినా మీరు చూసేదాకా చెప్పరు. అలాంటి మనిషి ముందు సీనియర్ సెంటర్, 200 డాలర్లు, ఎవరు కడతారు అన్న మాటలు పడ్డాయి. మీరిద్దరూ టౌన్ బడ్జెట్ గురించి మాట్లాడుకున్నారు, ఆయనకి మాత్రం అల్లుడు తన ఖర్చు లెక్కేస్తున్నట్టు వినపడింది. మీవారికి ఆ ఉద్దేశం లేకపోవచ్చు, ఉండదనే అనుకుంటున్నా. కానీ విన్న చెవి మావగారిది.

అందుకే మీరెళ్ళి నాన్నా మీరు వెళ్ళండి నాన్నా అని ఎంత బతిమాలినా పని జరగదు, కూతురు బతిమాలితే అల్లుడికి తెలీకుండా చేస్తోందేమో అన్న అనుమానం ఇంకా పెరుగుతుంది. ఈ మాట మీవారి నోట్లోంచి రావాలి. సారీలు, పెద్ద పెద్ద సంజాయిషీలు అక్కర్లా, వాటితో ఆయన ఇంకా ముడుచుకుపోతారు. మావయ్యా, సోమవారం వాన్‌కి ఫోన్ చేసి చెప్పాను, తొమ్మిదింటికి వస్తానన్నాడు, అని మామూలుగా అనేస్తే చాలు. ఇంకా మంచిదేంటంటే ఒక రోజు మీవారే పొద్దున కారులో దింపి, లోపలికెళ్ళి ఆ బిల్డింగ్ మావగారితో కలిసి తిరిగి చూసి రావడం. ఎలాగూ ఓటెయ్యాలి కదా, చూడని బిల్డింగ్ మీద ఓటేమిటి. మావగారు కరెంటాఫీసు మనిషి కాబట్టి ఆ పాత వైరింగు, ప్యానెల్ బోర్డులు చూపించి మీ అభిప్రాయం ఏంటని అడిగితే ఒక గంట సేపు ఆపకుండా చెప్తారు, చూడండి.

ఇంకో చిన్న విషయం, ఆ భోజనం గురించి ఆయనకి మొహమాటం ఉండొచ్చు, ఊరికే తింటున్నానేమో అని. అది ఎవరో జాలిపడి పెట్టేది కాదు. 1965 నాటి ఓల్డర్ అమెరికన్స్ యాక్ట్ అని ఫెడరల్ చట్టం ఉంది, 60 దాటిన వాళ్ళ కోసం సెంటర్లలో నడిచే భోజనాలకి దాని కింద డబ్బు వస్తుంది, అందులో మీ ఆదాయం ఎంత అని అడగరు, ఒక డబ్బా పెట్టి తోచింది వెయ్యమంటారు, వెయ్యలేకపోయినా పెట్టకుండా పంపరు. నాన్నగారి జేబులో రోజూ నాలుగైదు డాలర్ల చిల్లర నోట్లు ఉండేలా చూడండి. ఆయన చేత్తో ఆయన డబ్బాలో వేసుకుంటే ఆ పప్పూ కూరా లేని భోజనం కూడా కొంచెం రుచిగా ఉంటుంది.

సరే ఇక ఓటు.

ముందు ఇది ఏ ఓటో ఇంట్లో ఇద్దరూ ఒకేలా అర్థం చేసుకోవాలి, ఎందుకంటే వాట్సాప్ గ్రూపుల్లో సగం గొడవ ఇది కలగాపులగం అవ్వడం వల్లే. మసాచుసెట్స్‌లో 1980లో ప్రపోజిషన్ టూ అండ్ హాఫ్ అని జనం ఓటేసి చట్టం తెచ్చుకున్నారు, దాని ప్రకారం టౌన్ వసూలు చేసే మొత్తం ప్రాపర్టీ టాక్స్ పరిమితి ఏడాదికి రెండున్నర శాతం కంటే పెరగడానికి లేదు, కొత్త కట్టడాల మీద వచ్చేది పక్కన పెడితే. అంతకి మించి కావాలంటే జనాన్ని అడగాలి. అడగడంలో రెండు రకాలు. ఒకటి ఓవర్‌రైడ్, అది జీతాలకి, రోజువారీ ఖర్చులకి, ఒకసారి పాసైతే ఆ పెరుగుదల అలా శాశ్వతంగా ఉండిపోతుంది. రెండోది డెట్ ఎక్స్‌క్లూజన్, అది ఒక ఫలానా అప్పు కోసం మాత్రమే, అప్పు తీరగానే ఆ అదనపు టాక్స్ కూడా పోతుంది. అప్పు తెచ్చి టాక్స్ మీద వేస్తామంటున్నారు కాబట్టి మీ సెంటర్‌ది ఈ రెండోదే అయ్యుండాలి, వారెంట్‌లో, అంటే ఏమేం ఓటుకి పెడుతున్నారో టౌన్ అంటించే నోటీసులో, ఆ మాట ఉందో లేదో చూసుకోండి.

దీన్నిబట్టి మీవారి వాదనలో ఒక ముక్క తప్పు, ఒక ముక్క ఒప్పు. టీచర్ల డబ్బు తీసి సీనియర్ సెంటర్‌కి పెడుతున్నారనేది తప్పు, ఈ అప్పు కోసం పెంచిన టాక్స్‌తో టీచర్‌కి జీతం ఇవ్వడం కుదరదు, ఈ ఓటు ఓడిపోయినంత మాత్రాన స్కూల్‌కి ఒక్క డాలరు కూడా అటు వెళ్ళదు. కానీ జనం ఓపిక అనేది ఒకటుంది, ఈ ఏడాది సెంటర్‌కి యస్ అన్న మనిషే వచ్చే ఏడాది స్కూల్ ఓవర్‌రైడ్ వస్తే, మొన్నే కదా పెంచారు, ఇంక నావల్ల కాదు అంటాడు. మీవారి భయం అదే అయితే అది ఉత్తి భయం కాదు. ఇంకో తేడా కూడా ఉంది, స్కూల్ బిల్డింగ్ కట్టాలంటే రాష్ట్రం వాటా ఇస్తుంది, దానికోసం 2004లో పెట్టిన స్కూల్ బిల్డింగ్ అథారిటీ ఉంది, సేల్స్ టాక్స్‌లోంచి దానికి డబ్బొస్తుంది. సీనియర్ సెంటర్లకి అలాంటి ఖజానా లేదు, ఎవరైనా స్టేట్ రెప్రజెంటేటివ్ కొంచెం ఇప్పిస్తే ఇప్పించినట్టు, మిగిలిందంతా ఊరి నెత్తినే. అందుకే ఇవి ఏళ్ళ తరబడి వెనక్కి పోతూ ఉంటాయి, పాత స్కూల్ బిల్డింగుల్లోనో చర్చి బేస్‌మెంటుల్లోనో సర్దుకుంటూ ఉంటారు.

ఇప్పుడు డబ్బు సంగతి. రోజుకి యాభై సెంట్లే కదా, కాఫీ కన్నా తక్కువే కదా అని యస్ వైపు క్యాంపెయిన్ చేసేవాళ్ళు చెప్తారు. దయచేసి ఆ మాట మీవారి దగ్గర అనొద్దు, ఉద్యోగం ఉంటుందో పోతుందో అని రాత్రిళ్ళు నిద్రపట్టని మనిషికి ఆ కాఫీ లెక్క ఒళ్ళు మండిస్తుంది. అసలు లెక్కే ముందు పెట్టండి. మీ టౌన్‌లో అన్ని ఆస్తుల విలువ కలిపి 600 కోట్ల డాలర్లు అనుకుందాం, మీ టౌన్ అసలు అంకె ఆస్తుల విలువ కట్టే అసెసర్ ఆఫీసులో ఉంటుంది. 1.8 కోట్లు 20 ఏళ్ళకి 4 శాతం వడ్డీకి తెచ్చి ఏటా అసలు సమానంగా తీరుస్తారనుకుంటే మొదటి ఏడాది అసలు 9 లక్షలు, వడ్డీ 7 లక్షల 20 వేలు, మొత్తం 16 లక్షల 20 వేలు. దాన్ని 600 కోట్ల మీద పంచితే ప్రతి వెయ్యి డాలర్ల విలువకి 27 సెంట్లు పడుతుంది, మీ ఇల్లు ఏడున్నర లక్షలు అయితే 202 డాలర్లు. అంటే మీకు చెప్పిన 200 నమ్మదగ్గ అంకెలాగే ఉంది. పైగా అది మొదటి ఏడాదిది, అసలు తగ్గే కొద్దీ వడ్డీ తగ్గి చివరి ఏడాదికి 117 దాకా వస్తుంది. ఇరవై ఏళ్ళకీ కలిపితే మీ ఇంటి మీద సుమారు 3,200 డాలర్లు. ఇదీ చెప్పండి, దాచొద్దు. అలాగే మీరు ఇల్లు అమ్మేస్తే ఆ తర్వాత కట్టేది కొనుక్కున్నవాళ్ళు, మన వాళ్ళు చాలామంది పిల్లలు కాలేజీకి వెళ్ళగానే ఆ స్కూల్ టౌన్లు ఖాళీ చేసి చిన్న ఇంటికి మారిపోతూనే ఉన్నారు కదా. లేదు, టౌన్ వాళ్ళు 30 ఏళ్ళకి తెస్తున్నారంటే ఏటా కట్టేది తగ్గుతుంది, మొత్తం వడ్డీ బాగా పెరుగుతుంది, ఆ ప్రశ్న అడగాల్సిందే.

ఒక పాత బిల్డింగ్ బాగుచెయ్యడానికి 1.8 కోట్లా, నేను బేస్‌మెంట్ చేయించుకుంటే ఎంతయ్యింది అని గ్రూప్‌లో ఎవరో ఒకరు అనే ఉంటారు. ఇది నిజంగా తెలుసుకోవాల్సిన విషయం. ఇక్కడ ప్రభుత్వ పనులకి ప్రివైలింగ్ వేజ్ అని చట్టం ఉంది, రాష్ట్రం కట్టిన కూలి రేట్లే ఇవ్వాలి, మనింటికి వచ్చే హ్యాండీమ్యాన్ రేటు కుదరదు. పదిహేను లక్షల డాలర్లు దాటిన ప్రాజెక్ట్‌కి టౌన్ తరఫున ఒక ప్రాజెక్ట్ మేనేజర్‌ని పెట్టుకోవాలని ఇంకో రూలు. వీటన్నిటికంటే పెద్దది వికలాంగుల సౌకర్యాల రూలు. 1990 నాటి ఏడీఏ చట్టం ఎటూ ఉంది, దాని పైన ఈ రాష్ట్రం రూలు ఏంటంటే, చేసే పని ఖర్చు ఆ బిల్డింగ్ విలువలో 30 శాతం దాటితే, మీరు ముట్టుకున్న గది ఒక్కటే కాదు, మొత్తం బిల్డింగ్‌ని రూల్స్ ప్రకారం తేవాలి, ర్యాంపులు, తలుపుల వెడల్పులు, బాత్రూములు, లిఫ్ట్, అన్నీ. అందుకే రూఫ్, బాయిలర్, నాలుగు బాత్రూములు బాగు చేద్దామని మొదలెట్టిన పని కాస్తా ఇంత పెద్దదై కూర్చుంటుంది. పోనీ ముక్కలు ముక్కలుగా చేసుకుందామా అంటే, మూడేళ్ళ లోపు చేసిన పనుల ఖర్చంతా కలిపే లెక్కేస్తారు, ఆ దారీ మూసే పెట్టారు.

ఇందులో దుబారా లేదని నేననట్లేదు. ఉండొచ్చు. అది తెలుసుకోవాలంటే అడగాల్సిన ప్రశ్నలు కొన్ని ఉన్నాయి, నా ఉద్దేశంలో ఇవి అడగాల్సింది మీరు కాదు, మీవారే, ఎందుకంటే నో అనే మనిషి అడిగిన ప్రశ్నకే గదిలో అందరూ తలెత్తి చూస్తారు. ఈ 1.8 కోట్లు ఆర్కిటెక్ట్ వేసిన అంచనానా, లేక కాంట్రాక్టర్ల టెండర్లు వచ్చాక తేలిన అంకెనా? అంచనా అయితే పెరిగే అవకాశం ఎంత, దానికి ఎంత పక్కన పెట్టారు? ఫర్నిచరూ, వంటగది సామానూ ఇందులోనే ఉన్నాయా, లేకపోతే ఏడాది తర్వాత మళ్ళీ చెయ్యి చాపుతారా? పని జరిగే ఏడాదీ ఏడాదిన్నరా ఈ పెద్దవాళ్ళు ఎక్కడికెళ్తారు, ఆ అద్దె ఎవరు కడతారు? ఇది చాలా చోట్ల మర్చిపోతారు, మీ నాన్నగారికి మాత్రం అసలు సమస్య ఇదే, బిల్డింగ్ అద్దంలా తయారయ్యే లోపు ఆయన మళ్ళీ టీవీ ముందుకి చేరిపోతే లాభమేంటి. ఇంకోటి, పెద్ద బిల్డింగ్ వచ్చాక దాన్ని నడపడానికి ఎక్కువ మంది స్టాఫ్ కావాలా, ఎందుకంటే ఆ జీతాలు ఈ అప్పులోంచి రావు, స్కూల్‌కి వెళ్ళే మామూలు బడ్జెట్‌లోంచే వస్తాయి. టీచర్ల గురించి మీవారికి నిజంగా బెంగ ఉంటే పట్టుకోవాల్సింది ఇక్కడ. పాత కట్టడాల్ని కాపాడటం లాంటి పనులకి విడిగా పెట్టుకునే కమ్యూనిటీ ప్రిజర్వేషన్ ఫండ్ మీ టౌన్‌లో ఉంటే, బిల్డింగ్ చారిత్రకమైనదని ఒప్పుకుంటే, కిటికీలూ ముఖద్వారం లాంటి వాటికి అందులోంచి కొంత తీసుకోవచ్చు, అది అడిగారా అని కూడా కనుక్కోమనండి. చివరగా, ఇది ఓడిపోతే ఏం చేస్తారు? రెండేళ్ళ తర్వాత ఇదే పని ఇంకా ఎక్కువ ఖర్చుతో తెస్తారా, లేక చిన్న ప్లాన్ ఏమైనా ఉందా? దీనికి సూటిగా జవాబు చెప్పలేని కమిటీని నేనైతే అంత తేలిగ్గా నమ్మను.

ఈ ప్రశ్నలన్నిటికీ జవాబులు ఫైనాన్స్ కమిటీ రిపోర్ట్‌లోనో, టౌన్‌ని నడిపే సెలెక్ట్ బోర్డ్ పెట్టే హియరింగ్‌లోనో దొరుకుతాయి, ఆ మీటింగులకి వచ్చేది చాలా చోట్ల పది పదిహేను మందే. మన వాట్సాప్ గ్రూప్‌లో రెండు వందల మెసేజ్‌లు పడ్డాయి కదా, అందులో ఒక్కళ్ళు ఒక్క హియరింగ్‌కి వెళ్ళారేమో అడిగి చూడండి.

తెల్లవాళ్ళ ముసలాళ్ళ క్లబ్ అన్న మాట దగ్గరికొస్తే, ఆ మాట అన్నవాళ్ళ అమ్మానాన్నలు ఏటా ఆరు నెలలు వచ్చి ఇక్కడే ఉంటారు, బయట మంచు, కారు నడపలేరు, మాట్లాడే మనిషి లేరు, మనవల స్కూల్ బస్ కోసం గంటలు లెక్కపెట్టుకుంటూ ఉంటారు. వీసా మీద వచ్చిన వాళ్ళని కూడా చాలా సెంటర్లు రానిస్తాయి, ఏ ప్రోగ్రామ్‌కి ఎవరు రావొచ్చో సెంటర్‌కి ఫోన్ చేస్తే చెప్తారు, ఇప్పటిదాకా ఫోన్ చేసి ఉండరు అంతే. మన పెద్దవాళ్ళు వెళ్ళరు కాబట్టి అది మనది కాదంటాం, మనది కాదు కాబట్టి వాళ్ళని పంపం. మీ నాన్నగారు ఆ గుమ్మం దాటిన కొద్దిమందిలో ఒకరు, ఇద్దరు చైనీస్ తాతలతో భాష రాకుండానే పేకాడేస్తున్నారు, నిజానికి ఆ గ్రూప్‌లో ఈ విషయం మీద మాట్లాడే అర్హత ఎవరికైనా ఉంటే ఆయనకే ఉంది.

ఇంకో సంగతి గ్రూప్‌లో ఎవరికీ తెలిసుండదు. దీనికి నో అని ఓటేసే వాళ్ళలో తెల్లవాళ్ళ ముసలాళ్ళే బోలెడు మంది ఉంటారు. పెన్షన్ మీద బతికేవాళ్ళకి 200 డాలర్లు మీకన్నా బరువు. వాళ్ళ కోసం కొన్ని వెసులుబాట్లు ఉన్నాయి, చాలా టౌన్లలో 60 దాటిన ఇంటి ఓనర్లు టౌన్ ఆఫీసులో కొన్ని గంటలు పనిచేసి టాక్స్ తగ్గించుకోవచ్చు, 65 దాటిన వాళ్ళు ఆదాయం తక్కువుంటే టాక్స్ వాయిదా వేసుకుని ఇల్లు అమ్మినప్పుడు వడ్డీతో కట్టొచ్చు, ఆదాయంతో పోలిస్తే ప్రాపర్టీ టాక్స్ బరువైన పెద్దవాళ్ళకి స్టేట్ టాక్స్‌లో సర్క్యూట్ బ్రేకర్ క్రెడిట్ అని ఇంకోటి. వీటి అప్లికేషన్లు నింపడంలో సాయం చేసేది ఎక్కువగా ఈ సీనియర్ సెంటర్లోనే అన్నది వేరే సంగతి. పెద్దవాళ్ళ ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్ గురించి ఉచితంగా సలహా చెప్పే షైన్ వాలంటీర్లు కూర్చునేదీ అక్కడే. ఇది మీకూ పనికొస్తుంది, గ్రీన్ కార్డ్ మీద ఇక్కడే వరసగా ఐదేళ్ళు ఉంటే 65 దాటిన వాళ్ళు ఇక్కడ ఉద్యోగం చెయ్యకపోయినా ప్రీమియం కట్టి మెడికేర్ తీసుకునే వీలుంది, మీ నాన్నగారికి ఇంకో రెండేళ్ళు. ఆ ప్రీమియం తక్కువేం కాదు, ఇప్పటినుంచే అడిగి పెట్టుకోండి.

నేనైతే ఎటు వేస్తానని అడిగితే, యస్ వేస్తా, అయితే టెండర్ అంకెలు చేతిలో ఉండి, పని జరిగేటప్పుడు పెద్దవాళ్ళకి వేరే చోటు చూపిస్తేనే. ఆ రెండూ లేకుండా ఊరికే అంచనా మీద అడుగుతుంటే, డిజైన్‌కి మాత్రం డబ్బిచ్చి మిగతాది టెండర్లు వచ్చాక రమ్మంటా. మీ నాన్నగారు వెళ్తారు కాబట్టి యస్ వెయ్యండి అని మాత్రం చెప్పను. అలా అంటే మళ్ళీ మొదటికే వస్తాం, ఆయన కోసం ఇల్లంతా 200 కడుతున్నట్టే అవుతుంది, పాసైతే ఆయన రుణపడినట్టు, ఫెయిలైతే ఆయన ఓడినట్టు. ఇంట్లో ఈ సంగతి ఎత్తినప్పుడు నాన్న పేరు వాదనలోకి లాగకుండా మాట్లాడటం మీకు కష్టమే, అయినా ప్రయత్నించండి. మీరూ మీవారూ చెరో వైపు ఓటేసి వచ్చినా కొంపలేం మునగవు, భార్యాభర్తలు ఒకే ఓటు వెయ్యాలని ఎక్కడా లేదు.

ఓటు ఎక్కడెక్కడ వెయ్యాలో కూడా చూసుకోండి, ఇది రెండు చోట్లా గెలవాలి. టౌన్ మీటింగ్‌లో అప్పుకి మూడింట రెండు వంతుల మంది ఒప్పుకోవాలి, బ్యాలెట్‌లో డెట్ ఎక్స్‌క్లూజన్‌కి సగం కంటే ఒక్క ఓటు ఎక్కువైతే చాలు. ఒకచోట నెగ్గి ఇంకోచోట ఓడితే పని ఆగినట్టే. మీది ఓపెన్ టౌన్ మీటింగ్ అయితే రిజిస్టర్ అయిన ఓటరు ఎవరైనా వెళ్ళి కూర్చుని ఓటెయ్యొచ్చు, మన ఊళ్ళలో గ్రామసభ లాంటిదే, కాకపోతే ఇక్కడ చెయ్యెత్తితే బడ్జెట్ నిజంగానే మారుతుంది. సాయంత్రం ఏడింటికి స్కూల్ ఆడిటోరియంలో మొదలై పదిన్నర పదకొండు దాకా సాగుతుంది, మన ఆర్టికల్, అంటే మన అంశం, ఎప్పుడొస్తుందో తెలీదు, పిల్లల్ని చూసుకునే మనిషి కావాలి, అందుకే మన వాళ్ళు ఎవరూ రారు. బ్యాలెట్‌కి ఒకళ్ళూ టౌన్ మీటింగ్‌కి ఒకళ్ళూ అని పంచుకోవద్దు, రెండింటికీ ఇద్దరూ వెళ్ళే వీలు చూడండి. కొన్ని పెద్ద టౌన్లలో మాత్రం ఎన్నికైన మెంబర్లే టౌన్ మీటింగ్‌లో ఓటేస్తారు, మీది అలాంటిదైతే మీ ప్రీసింక్ట్, అంటే మీ వార్డు, మెంబర్లకి ముందే ఈమెయిల్ పెట్టండి, అందులోనే పై ప్రశ్నలు రాసెయ్యండి.

నాన్నగారికి ఓటు లేదు. ఇది మాత్రం చాలా జాగ్రత్తగా వినండి, గ్రీన్ కార్డ్ మీద ఉన్నవాళ్ళు ఓటరుగా రిజిస్టర్ అవ్వడమే పెద్ద తప్పు, తెలీక చేసినా తర్వాత సిటిజన్‌షిప్‌కి అడ్డం పడుతుంది, దేశం నుంచి పంపేసే దాకా కూడా వెళ్ళొచ్చు. డ్రైవింగ్ లైసెన్సులిచ్చే ఆర్ఎంవీ ఆఫీసులో స్టేట్ ఐడీ తీసుకునేటప్పుడు గానీ, ఎవరో వాలంటీర్ క్లిప్‌బోర్డ్ పట్టుకొచ్చినప్పుడు గానీ ఆయన ఏ కాగితం మీదా చదవకుండా సంతకం పెట్టకుండా చూడండి. కానీ ఓటు లేకపోయినా మాట ఉంది. సెలెక్ట్ బోర్డ్ హియరింగ్‌లో ఊళ్ళో ఉండేవాళ్ళు ఎవరైనా మాట్లాడొచ్చు, టౌన్ మీటింగ్‌లో కూడా ఓటర్లు కానివాళ్ళకి విడిగా సీట్లు ఉంటాయి, సభ నడిపే మోడరేటర్ అనుమతితో మాట్లాడే వీలూ ఉంటుంది. ఆయనకి ఇంగ్లీషు తడబడితే పక్కన మీవారు నిలబడి చెప్పొచ్చు. మీవారు ఆ ప్లాన్‌కి నో అనే మనిషైనా సరే, ఆ పక్కన నిలబడటం ఆయన చెయ్యగలరు. ఆ లిఫ్ట్ ఎన్నిసార్లు ఆగిందో, చలికాలంలో ఏ గది ఎలా ఉంటుందో కన్సల్టెంట్ రిపోర్ట్ కంటే మీ నాన్నగారికి బాగా తెలుసు. ఆయనకి ఇష్టమైతేనే సుమా, ముందుకి తొయ్యొద్దు.

జనవరిలో టౌన్ నుంచి ఇంటికి ఒక సెన్సస్ ఫారం వస్తుంది, ఇంట్లో ఎవరెవరున్నారో రాసి పంపమని. దాంట్లో నాన్నగారి పేరు రాశారా? చాలామంది సిటిజన్లు కాదు కదా అని పెద్దవాళ్ళ పేర్లు వదిలేస్తారు, అది ఓటరు లిస్ట్ కాదు, ఊళ్ళో ఉండేవాళ్ళ లిస్ట్. పౌరసత్వం అడిగే గడిలో మాత్రం ఉన్నది ఉన్నట్టు రాయండి. ఊళ్ళో 60 దాటిన వాళ్ళెంతమంది అన్న లెక్క టౌన్ క్లర్క్ దగ్గర తయారయ్యేది ఇలాంటి కాగితాల్లోంచే.

ఇక తేదీలు. ఓటరు రిజిస్ట్రేషన్‌కి ఆఖరి రోజు ఎన్నికకి పది రోజుల ముందు, టౌన్ మీటింగ్‌కి కూడా అంతే, మీరు సిటిజన్ అయ్యాక ఇల్లు మారి ఉంటే పాత అడ్రస్ మీదే ఉన్నారేమో ఇవాళే చూసుకోండి. వారెంట్ అనేది మామూలు టౌన్ మీటింగ్‌కి కనీసం ఏడు రోజుల ముందు, స్పెషల్ అయితే పద్నాలుగు రోజుల ముందు అంటించాలి, టౌన్ వెబ్‌సైట్‌లో ఉంటుంది, ప్రింట్ తీసి మీవారి ముందు పెట్టండి, ఒక కాపీ నాన్నగారికి కూడా ఇవ్వండి, ఆఫీసు కాగితాలు చదివీ చదివీ రిటైరైన మనిషి కదా, మీ ఇద్దరికంటే ముందే పూర్తి చేసేస్తారు.